శూన్యనాళమును క్ష-కిరణములును

క్ష-కిరణముల చరిత్రను చెప్పునపుడు పాఠ్యగ్రంథములయందు సాధారణముగ రెండు వాక్యములు కానవచ్చును. 1895వ సంవత్సరమున జర్మనీదేశమందలి వూర్ట్స్‌బుర్గు నగరమున విల్హెల్ము కాన్రాడు రాంట్జెను అను పండితుఁడు వానిని యాదృచ్ఛికముగ కనుఁగొనెననుట మొదటి వాక్యము. గాలి తీసివేసిన గాజునాళములో విద్యుత్తును ప్రసరింపఁజేసినచో అవి పుట్టుననుట రెండవ వాక్యము. ఈ రెండును అసత్యములు కావు. కాని రెండును ముఖ్యవిషయమును మఱుఁగుపఱచుచున్నవి. అట్టి నాళములు ఐరోపాఖండమందలి ప్రయోగశాలలలో అప్పటికి అనేక సంవత్సరములనుండి వెలుఁగుచుండెను. వానినుండి ఈ కిరణములును వెలువడుచునే యుండెను. వెలువడుచున్న వస్తువును అన్నాళ్లు ఎవరును ఏల గుర్తింపలేదు? గుర్తించినవాఁడు ఏ పని చేసి గుర్తించినవాఁడయ్యెను? అవి నాళములో ఏ చోట, ఏ కారణముచేత పుట్టుచున్నవో తేలుటకు మఱి యెన్ని యేండ్లు పట్టెను? ఈ మూఁడు ప్రశ్నలకును సమాధానము కావలెనన్నచో మొదట శూన్యముయొక్క చరిత్రను పరికింపవలెను.

శూన్యసాధనము

గాలి లేని చోటును మానవుఁడు తన చేతితో కల్పింపఁగలఁడని 1643లో ఇటలీదేశీయుఁడగు టొరిసెల్లి పాదరసము నింపిన గాజుగొట్టముతో చూపెను. ఆ శతాబ్ది మధ్యమున మాగ్డెబుర్గు పురాధికారియగు ఆటో ఫాన్ గెరికె గాలిని తోడివేయు యంత్రమును నిర్మించెను. 18వ శతాబ్ది మొదట ఇంగ్లండులో హాక్స్‌బీ అనునతఁడు గాలి పలుచఁబడిన గాజుగోళమును త్రిప్పి రాచి, దానిలో మందమైన వెలుఁగును పుట్టించెను. పలుచని వాయువులో విద్యుత్తు వెలుఁగుగా మాఱునని దీనివలన తెలిసినది. కాని ఆ కాలపు యంత్రములు గాలిని కొంతవఱకే తీయఁగలిగెను. పిడియు గొట్టమును ఎంత బిగువుగా నమర్చినను వాని నడుమ గాలి చొచ్చుచునే యుండెను.

ఈ చిక్కును తీర్చినవాఁడు విశ్వవిద్యాలయమందలి ఆచార్యుఁడు గాక గాజు ఊఁదు శిల్పి యగుట గమనింపఁదగినది. బాన్ నగరమున పరికరములను చేయుచుండిన హైన్రిహ్ గైస్లరు 1855 ప్రాంతమున పాదరసమునే పిడిగా నుపయోగించి గాలిని తోడు పంపును కల్పించెను. 1857 నాఁటికి ఆతఁడు చేసిన నాళములు, రెండు కొనలయందును లోహపుతీఁగలు గలవి, వింతవింత వన్నెలతో వెలుఁగఁజొచ్చెను. ఆ నాళములతో పని చేసిన ప్లూకరు అను ఆచార్యుఁడు 1858లో ఒక విశేషమును కనిపెట్టెను. వాయువును మఱింత తగ్గించినకొలఁది రంగువెలుఁగు క్రమముగ క్షీణించును. దానికి మాఱుగా ఋణధ్రువమునకు సమీపమందలి గాజుగోడయే పచ్చగా మెఱయును. అయస్కాంతమును దగ్గఱకు తెచ్చినచో ఆ పచ్చని మెఱుపు స్థానము మాఱును.

ప్లూకరు శిష్యుఁడగు హిట్టార్ఫు 1869లో ఋణధ్రువమునకును గాజుగోడకును నడుమ ఒక వస్తువు నుంచి, దాని నీడ గోడపై పడుటను చూపెను. నీడ కలదనఁగా తిన్నగా పోవునది ఏదియో కలదన్నమాట. 1876లో గోల్డ్‌స్టైను దానికి కాథోడుకిరణములని పేరు పెట్టెను. కాథోడు అనఁగా ఋణధ్రువము. ఇంగ్లండులో విలియము క్రూక్సు నాళమందలి పీడనమును బయటి వాయుపీడనములో సుమారు పదిలక్షవ వంతుదాఁక తగ్గించి, 1879లో షెఫీల్డున జరిగిన ఉపన్యాసమున ఈ కిరణముల వింతలను సభ్యులకు కన్నులార చూపెను.

ఇచట ఒక విరోధాభాసము కలదు. నాళములో గాలి యెక్కువగా నున్నచో ఋణధ్రువమునుండి బయలుదేఱిన కణము అడుగడుగున వాయువు అణువులతో ఢీకొని తన శక్తిని రంగువెలుఁగుగా వ్యయపఱచుకొనును. కావున అది ఆవలి కొనకు వేగముతో చేరదు. గాలి బొత్తిగా లేనిచో చల్లని లోహమునుండి కణములను వెడలఁగొట్టువారే యుండరు; విద్యుత్తు ప్రవహింపదు. మిగిలిన స్వల్పవాయువులో పుట్టిన ధనవిద్యుద్యుక్తమగు అణువులు వచ్చి ఋణధ్రువమును తాఁకుటచేతనే దానినుండి కణములు వెలువడుచుండెను. కాఁబట్టి ఆ కాలపు నాళములకు వాయువు శత్రువును సేవకుఁడును గూడ. ఈ రెంటి నడుమనున్న ఇఱుకైన మార్గమునందు మాత్రమే పని జరుగవలసియుండెను. తరువాతి కథ యంతయు ఈ సేవకుని అవసరము తప్పించుకొనుటకై జరిగిన ప్రయత్నమని చెప్పవచ్చును.

చూడక పోయినవారు

క్రూక్సునాఁటి నాళములలో ఇట్టి వేగముగల కాథోడుకిరణములు గాజును తాఁకుచుండెను. తాఁకినచోట క్ష-కిరణములు పుట్టుచుండెను. దీనికి ఒక స్పష్టమైన నిదర్శనము కలదు. 1890వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియానగరమున గుడ్‌స్పీడు అను ఆచార్యుఁడును జెన్నింగ్సు అను ఛాయాగ్రాహకుఁడును పని చేయుచుండఁగా, క్రూక్సునాళమునకు సమీపమున నుంచిన ఛాయాగ్రాహక ఫలకముపై గుండ్రని నీడ యొకటి ముద్రితమయ్యెను. ఫలకముపై నాణెములు పెట్టఁబడియుండెను. వారికి కారణము తోఁపలేదు. ఫలకమును ప్రక్కన పెట్టిరి. ఆఱేండ్ల తరువాత రాంట్జెను ప్రకటనను చదివిన పిమ్మట దానిని వెదకి తీసి చూచుకొనిరి. ఆవిష్కరణము తమదని మాత్రము వారు చెప్పుకొనలేదు. ప్రపంచమున మొట్టమొదటి క్ష-కిరణచిత్రములలో నొకటి తమచేతిలో నుండినను, ప్రశ్న అడుగకపోవుటచేత అది తమకు దక్కలేదని వారు గ్రహించిరి. ఈ నిజాయితీ స్మరింపఁదగినది.

లెనార్డు విషయము వేఱు. ఆతఁడు అజాగ్రత్తపరుఁడు కాఁడు. కాథోడుకిరణములు పలుచని లోహపురేకులగుండ పోఁగలవని 1892లో హెర్ట్సు చూపఁగా, ఆతని సహాయకుఁడగు లెనార్డు నాళమునకు పలుచని అల్యూమినియపు గవాక్షమును అమర్చి, ఆ కిరణములను బయటి గాలిలోనికి రప్పించెను. అవి గాలిలో కొలఁది సెంటిమీటర్లు మాత్రమే పోవుచుండెను. ఆతఁడు వాడిన తెఱ కాథోడుకిరణములకు చక్కగా వెలుఁగునట్టిదియే కాని, క్రొత్త కిరణములకు వెలుఁగునట్టిది కాదు. ఆతని దృష్టి గవాక్షమున కెదురుగా, దగ్గఱగా నిలిచియుండెను. వెదకుచున్న వస్తువునకు తగిన తెఱను ఎన్నుకొనుటచేతనే వెదకని వస్తువు ఆతని కన్నుఁ గప్పినది. కాథోడుకిరణ పరిశోధనకై లెనార్డునకు 1905లో నోబెలు బహుమానము లభించెను. అయినను క్ష-కిరణముల కీర్తి తనకు రాలేదను బాధ ఆతనిని జీవితాంతము విడువలేదు.

రాంట్జెను వ్యాసమునందలి క్రమము

1895 నవంబరు 8వ తేదీ సాయంకాలమున వూర్ట్స్‌బుర్గు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రభవనమున రాంట్జెను కాథోడుకిరణ ప్రయోగములు చేయుచుండెను. నాళమును నల్లని పలుచని అట్టతో పూర్తిగా కప్పెను. గదిని చీఁకటి చేసెను. బేరియము ప్లాటినోసయనైడు పూసిన కాగితము ప్రతి విద్యుద్విసర్జనమునకును మినుకుమినుకుమని వెలుఁగుట ఆతనికి కానవచ్చెను. ఆ దినమున ఆతఁడు వాడిన నాళము ఎవరి మాదిరిదో నిశ్చయించుటకు సాక్ష్యము లేదు. ఆతని మరణానంతరము ఆతని ఇష్టప్రకారము పరిశోధనపత్రములు దహింపఁబడినవి. కాఁబట్టి చరిత్రకారునకు ప్రధానాధారము ఆతఁడు డిసెంబరు 28వ తేదీన వూర్ట్స్‌బుర్గు భౌతిక-వైద్య సంఘమునకు సమర్పించిన వ్యాసమే. అది 17 చిన్న ప్రకరణములు గలది. దానిని చదివినవారికి యాదృచ్ఛికత్వము ఎంతవఱకో, పద్ధతి యెంతవఱకో స్పష్టమగును.

మొదటి ప్రకరణమున దృష్టవిషయము: తెఱ రెండు మీటర్ల దూరముననున్నను వెలుఁగును. ఈ సంఖ్యయే లెనార్డు కిరణములనుండి వీనిని వేఱుచేయుచున్నది. కాథోడుకిరణములు గాలిలో అంతదూరము పోజాలవు. రెండవ ప్రకరణమున ఏ వస్తువులగుండ పోవునో చెప్పఁబడినది: సుమారు వేయి పుటల గ్రంథము అడ్డపెట్టినను తెఱ వెలుఁగును, 15 మిల్లీమీటర్ల అల్యూమినియము కిరణములను తగ్గించును గాని బొత్తిగా ఆఁపదు, 1.5 మిల్లీమీటర్ల సీసము దాదాపు పూర్తిగ ఆఁపును. చేతిని అడ్డపెట్టినచో చేతినీడ మందముగను, దానిలో ఎముకల నీడ చిక్కగను కానవచ్చును. తరువాతి ప్రకరణములలో వక్రీభవనము కలదా, ప్రతిఫలనము కలదా, అయస్కాంతము వీనిని వంచునా అను ప్రశ్నలు ఒకదాని వెంట నొకటి పరీక్షింపఁబడినవి. అయస్కాంతము వంచలేదు. కావున ఇవి కాథోడుకిరణములు కావు.

ఇంక నాళములో ఇవి ఎచట పుట్టుచున్నవి? దీనికి 12వ ప్రకరణమున ఆతఁడు ఇచ్చిన సమాధానము సరళమును నిర్దుష్టమును అయినది. గాజుగోడపై ఎచట మెఱుపు మిక్కుటముగ నున్నదో అచటినుండియే కిరణములు నలుదిక్కులకు వెలువడుచున్నవి. అయస్కాంతముతో కాథోడుకిరణములను ప్రక్కకు త్రిప్పినచో మెఱుపు ప్రక్కకు పోవును. దానితోపాటు క్రొత్త కిరణముల ఉత్పత్తిస్థానమును మాఱును. ఒక పరికరమున రెండు మిల్లీమీటర్ల అల్యూమినియపు పలక గాజునకు బదులుగా నుండఁగా దానియందును ఇవి పుట్టెను. అనఁగా కాథోడుకిరణములు ఒక ఘనపదార్థమును తాఁకుటయే కారణము. ఆ పదార్థము గాజే కానక్కఱలేదు. పుట్టుకను గూర్చిన సిద్ధాంతములో సగము ఇట్లు మొదటి వ్యాసమునందే స్థాపింపఁబడినది.

వ్యాసాంతమున మాత్రము ఆతఁడు ఊహకు చోటిచ్చి, ఇవి ఈథరునందలి అనుదైర్ఘ్యకంపనములై యుండవచ్చునని సూచించెను. ఆ యూహ తరువాత నిలువలేదు. పరీక్షించి చెప్పిన ప్రకరణములు నిలిచినవి. వెలుఁగును చూచినపుడు ఏమి తలఁచితిరని 1896లో ఒక పత్రికావిలేఖరి యడుగఁగా, తాను తలఁచుట కాక పరిశోధించుట చేసితినని ఆతఁడు బదులు చెప్పినట్లు ప్రకటితమైనది. వెలుఁగు కంటఁబడుట యాదృచ్ఛికము; తరువాతి ఏడు వారముల శ్రమ యాదృచ్ఛికము కాదు.

నామవిచారము

మొదటి వ్యాసమునందే సౌలభ్యముకొఱకు వీనికి ఎక్స్-కిరణములను పేరును రాంట్జెను వాడెను. 1896 జనవరి 23వ తేదీన జరిగిన సభలో, తన చేతి చిత్రము తీయించుకొనిన కోలికరు అను వృద్ధశాస్త్రజ్ఞుఁడు వీనిని రాంట్జెను కిరణములని పిలువవలెనని సూచింపఁగా సభ్యులు హర్షధ్వానములు చేసిరి. జర్మనుభాషయందు ఆ పేరే నేఁటికిని వ్యవహారమున నున్నది. ఇతరభాషలలో పెక్కింట ఎక్స్ అను అక్షరమే నిలిచినది.

ఐరోపీయ బీజగణితమున ఎక్స్ అనునది అజ్ఞాతరాశికి గుర్తు. భాస్కరాచార్యుని బీజగణితమున ఆ స్థానమున యావత్తావత్ అనునది కలదు. తెలుఁగున ‘క్ష’ అను సంయుక్తాక్షరము ఎక్స్ ధ్వనికి దగ్గఱగా నుండుటచేత క్ష-కిరణములను పేరు సుందరముగ కుదిరినది. కాని అజ్ఞాతమను అర్థము దానిలో లేదు. ధ్వని వచ్చినది, అర్థము రాలేదు. అందుచేత బాలురకు బోధించునపుడు ఆ యక్షరము వెనుకనున్న యభిప్రాయమును వేఱుగ చెప్పుట యవసరము. పేరు పెట్టినవాఁడు తనకు తెలియనిదానిని తెలియనిదని పేరులోనే ఒప్పుకొనెను.

గాజునుండి లోహమునకు

కిరణములు గాజు మెఱయుచోట పుట్టుచున్నవన్న మాటనుండి ఒక పొరపాటును పుట్టినది. మెఱుపే కిరణములకు కారణమేమో యని ఫ్రాన్సుదేశమున పోయంకారె 1896 జనవరిలో సూచించెను. దానిని పరీక్షింపఁబూనిన బెకెరెలు వెలుఁగులో మెఱయు లవణములను వెదకుచు, యురేనియపులవణములు వెలుఁగు తగులకున్నను తమంతట తామే కిరణములను వెడలించునని కనుఁగొనెను. ఇట్లు తప్పుయూహ నిజమైన పరీక్షకు లోఁబడి మఱియొక శాస్త్రశాఖకు జన్మమిచ్చినది.

రాంట్జెను మాత్రము మెఱుపును విడిచి లోహమును పట్టుకొనెను. 1896 మార్చిలో సమర్పించిన రెండవ వ్యాసమున ఆతఁడు తాను వాడుచున్న క్రొత్త నాళమును వర్ణించెను: ఋణధ్రువము పుటాకారముగల అల్యూమినియపు దర్పణము, దాని కేంద్రస్థానమున 45 అంశల వాలుగా ప్లాటినపు రేకు. ఆ కాలముననే లండనునందు హెర్బర్టు జాక్సను ఇట్టి నాళమునే నిర్మించెను. కాథోడుకిరణములు ఒకచోటికి కూడుకొనుటచేత కిరణముల పుట్టుకచోటు చిన్నదై నీడలు తేటపడెను. బరువైన పరమాణువులుగల ప్లాటినము గాజుకంటె అధికముగ కిరణములను పుట్టించెను.

అయినను వాయువను సేవకుఁడు చెప్పినమాట వినలేదు. నాళము వాడినకొలఁది అందలి వాయువు గోడలలో ఇంకిపోవుచుండెను. శూన్యము పెరుఁగును, విద్యుత్తు ప్రవహించుటకు అధికపీడనము కావలసివచ్చును, కిరణములు తీక్ష్ణములై మాంసమును ఎముకను ఒక్కతీరుగ దాఁటిపోవును. అట్టి నాళము ‘గట్టిది’ యనఁబడెను. దానిని మరల ‘మెత్తన’ చేయుటకు ఫ్రాన్సులో విలారు పల్లాడియపు సన్నగొట్టమును నాళమున కమర్చి, దానిని మంటలో కాఁచి, దానిగుండ హైడ్రొజనును రవంత లోనికి పంపు ఉపాయమును కల్పించెను. ప్రతి నాళమునకును ఒక స్వభావము. నిన్న పనిచేసినట్లు నేఁడు చేయదు. వైద్యుఁడు కిరణముల తీక్ష్ణతను ఎఱుఁగుటకు తన చేతినే నాళమున కెదురుగా పెట్టి ఎముకలు ఎట్లు కానవచ్చునో చూచుకొనెడివాఁడు.

ఆ అలవాటునకు మూల్యము ఘోరమైనది. చేతులపై పుండ్లు, పిమ్మట వ్రణములు, వ్రేళ్లు తీసివేయుట, కడకు మరణము. ఎడిసను సహాయకుఁడగు క్లారెన్సు డాలీ 1904లో ఇట్లే మరణించెను. దానితో ఎడిసను ఆ పరిశోధనమునే విడిచెను. ఈ విధమున అసువులు గోల్పోయినవారి స్మారకముగ 1936లో హాంబర్గునగరమున ఒక శిలాస్తంభము ప్రతిష్ఠింపఁబడినది. నాళమందలి వాయువు అదుపులో లేకుండుట యనునది పరికరదోషము మాత్రమే కాదు. దానికి ప్రాణములు బలియైనవి.

కారణనిర్ణయము

కాథోడుకిరణములు ఋణవిద్యుత్తు గల సూక్ష్మకణముల ప్రవాహమని 1897లో జె. జె. థామ్సను స్థిరపఱచెను. ఆ కణములే ఎలక్ట్రానులు. అప్పటికే స్టోక్సు, వీహర్టు అను పండితులు, ఇట్టి కణము హఠాత్తుగ ఆఁపఁబడినచో దాని చుట్టునున్న విద్యుత్‌క్షేత్రమున ఒక కుదుపు పుట్టి వెలుపలికి వ్యాపించుననియు, అదియే క్ష-కిరణమనియు 1896లో ఊహించిరి. 1912లో ఫాన్ లావె సూచనపై ఫ్రీడ్రిహు, క్నిప్పింగు అనువారు మ్యూనిక్‌లో స్ఫటికముగుండ ఈ కిరణములను పోనిచ్చి, ఫలకముపై చుక్కల వరుసలను పొందిరి. దానితో ఇవి అత్యల్పదైర్ఘ్యముగల తరంగములని తేలెను; వెలుఁగు జాతికి చెందినవే.

నాళములో జరుగునది నేఁటి జ్ఞానము ననుసరించి రెండు విధములు. వేగముగల ఎలక్ట్రాను లోహపు పరమాణువు కేంద్రకమునకు దగ్గఱగా పోవునపుడు దాని యాకర్షణచేత దారి వంగి వేగము తగ్గును. పోఁగొట్టుకొనిన శక్తి కిరణముగ వెడలును. కొన్ని ఎలక్ట్రానులు కొంచెము, కొన్ని యధికము పోఁగొట్టుకొనుటచేత అన్ని దైర్ఘ్యముల కిరణములును కలసి వచ్చును. అయితే ఏ ఎలక్ట్రానును తనకు లేని శక్తిని ఇయ్యజాలదు; కాఁబట్టి దైర్ఘ్యమునకు ఒక కనిష్ఠపు హద్దు కలదు. దీనిని 1915లో డువేను, హంటు అనువారు కొలిచి చూపిరి. నాళమునకు 1,00,000 వోల్టులు పెట్టినచో ఆ హద్దు సుమారు 0.124 ఆంగ్‌స్ట్రాములు. రెండవ విధమున, ఎలక్ట్రాను పరమాణువు లోపలి కక్ష్యనుండి మఱియొక ఎలక్ట్రానును పెకలించివేయును. ఆ ఖాళీలోనికి పైకక్ష్యలోనిది దిగునపుడు ఆ లోహమునకు మాత్రమే చెందిన నియతదైర్ఘ్యముగల కిరణము పుట్టును. లోహమునకు లోహమునకు వేఱుగానుండు ఈ కిరణములను మొదట వేఱుపఱచి చూపినవాఁడు బార్క్లా. ఆతనికి 1917వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించెను.

ఈ రెండు పనులును మిక్కిలి అరుదుగ జరుగును. లక్ష వోల్టుల నాళమునందు ఎలక్ట్రాను వెలుఁగువేగములో సగమునకు మించిన వేగముతో లోహమును తాఁకినను, తెచ్చిన శక్తిలో సుమారు నూటికి ఒక వంతే కిరణములగును, తక్కినదంతయు వేఁడియగును. ప్లాటినము కరఁగిపోవుచుండుట కిదియే కారణము.

సేవకుని సెలవు

వాయువు అవసరము లేకుండ ఎలక్ట్రానులను పొందు మార్గము వేఱొకచోటినుండి వచ్చెను. కాఁగిన లోహమునుండి ఎలక్ట్రానులు తామే వెలువడునను విషయమును రిచర్డ్‌సను 1901 మొదలుగ నియమబద్ధము చేసెను. విద్యుద్దీపములకొఱకు పెళుసైన టంగ్‌స్టను లోహమును తీఁగగా సాగునట్లు చేసిన విలియము డేవిడ్ కూలిడ్జి, అమెరికాలోని స్కెనెక్టడీనగరపు జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో, 1913లో ఈ రెండు విషయములను కలిపెను. ఆతని నాళములో ఋణధ్రువము ఎఱ్ఱగ కాఁగిన టంగ్‌స్టను తీఁగ. ఎదుటిది టంగ్‌స్టను దిమ్మ. సుమారు 3,400 సెంటిగ్రేడు అంశలవఱకు కరఁగనిదియు, పరమాణుసంఖ్య 74 గలదియు అగుటచేత ఆ లోహము రెండు విధములను తగినది. మిగిలిన వాయువు ప్రవాహమున పాలుగొనని స్థితివఱకు గాలి తీయఁబడెను. తీఁగ వేఁడిని మాఱ్చినచో కిరణముల పరిమాణము మాఱును. వోల్టులను మాఱ్చినచో తీక్ష్ణత మాఱును. ఒకదానికి ఇంకొకటి అడ్డురాదు. చేయి యడ్డపెట్టి పరీక్షింపవలసిన పని తొలఁగినది. 1929లో హాలండుదేశమున ఫిలిప్సు సంస్థయందు బౌవర్సు ధనధ్రువమును తిరుగు చక్రముగ చేసి వేఁడిని ఒకచోట నిలువనీయకుండ చేసెను. నేఁటి వైద్యశాలలలోని నాళములు ఈ వంశమునకు చెందినవే.

కాఁబట్టి బాలబోధకొఱకు వ్రాయఁబడు వాక్యములు ఇట్లు మాఱ్పఁదగినవి. క్ష-కిరణములను పుట్టించునది శూన్యము కాదు, విద్యుద్విసర్జనమునందలి వెలుఁగును కాదు. వేగముగల ఎలక్ట్రానులు లోహమును తాఁకి ఆఁపఁబడుటయే కారణము. శూన్యము వానికి దారి యిచ్చుచున్నది. ఇంక రాంట్జెను విషయమున, ఆ సాయంకాలపు వెలుఁగును గాక ఆ వెలుఁగును గూర్చి ఆతఁడు అడిగిన ప్రశ్నల క్రమమును చెప్పవలెను. ఆతఁడు తన యావిష్కరణమునకు హక్కుపత్రము తీసికొనలేదు; 1901లో లభించిన మొదటి నోబెలు బహుమానద్రవ్యమును తన విశ్వవిద్యాలయమునకే సమర్పించి, 1923 ఫిబ్రవరి 10వ తేదీన మ్యూనిక్‌నగరమున మరణించెను. ఫిలడెల్ఫియాలోని నాణెముల నీడయు వూర్ట్స్‌బుర్గులోని తెఱవెలుఁగును ఒకే కారణమునుండి పుట్టినవి. ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చెప్పినచో, పరిశోధన యననేమో విద్యార్థికి వేఱుగ చెప్పవలసిన పని యుండదు.